పాత పంచెల బొంత

ధవళేశ్వరంలో నరసింహమూర్తి గారి ఇల్లెక్కడ అని అడిగితే నలుగురిలో ముగ్గురు బుర్ర గోక్కుంటారు. గుండిగ మూర్తి గారి ఇల్లు అని అడిగితే మాత్రం లాకుల దగ్గర టీ కొట్టువాడు కూడా చెయ్యెత్తి దారి చూపిస్తాడు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ ఊరికే పెట్టలేదు. ఆయన పెళ్ళివంటలు చేసే మనిషి. పులిహోర గుండిగ పక్కన నిలబడితే ఆ రెండింట్లో ఏది వెడల్పో చెప్పడం కష్టంగా ఉండేది. ఒకసారి తాపేశ్వరం దగ్గర ఓ పెళ్ళిలో మగపెళ్ళివారి కుర్రాళ్ళు పందెం కాసి ఆయన్ని బియ్యం తూచే కాటా ఎక్కించారు. నూట పద్నాలుగు కేజీలు తూగాడు. ఆయనేం నొచ్చుకోలేదు.

"వంటవాడు బక్కగా ఉంటే పెళ్ళివారికి అనుమానం రాదుటయ్యా, వీడొండింది వీడే తినడేంటని?" అని కాటా దిగి నవ్వాడు.

చలి అంటే ఏమిటో ఆయనకి తెలియదు. మాఘమాసపు పెళ్ళిళ్ళలో తెల్లవారుజామున నాలుగింటికే లేచి గాడిపొయ్యి వెలిగించాలి. నేలలో బారుగా గాడి తవ్వి, దానిమీద వరసగా అయిదారు గుండిగలు ఎక్కించే పొయ్యి అది. చుట్టూ కాలవ మీదనుంచి మంచు దిగుతూ ఉంటే, పెళ్ళిపెద్దలు మఫ్లర్లు చుట్టుకుని చేతులు రుద్దుకుంటూ ఉంటే, మూర్తి ఒట్టి పంచె ఎగ్గట్టి, భుజాన తువ్వాలుతో, నిలువెల్లా చెమట కారుస్తూ తెడ్డు తిప్పుతుండేవాడు. ఇంటికొచ్చాక కూడా అంతే. చొక్కా విప్పి గోడకి తగిలించడం, ఫ్యాను వేసి దాని కింద చతికిలబడడం. ఆ రెండూ అయ్యాకే మంచినీళ్ళు.

ఆ ఫ్యాను సంగతే చెప్పాలి. మూర్తికీ, ఆయన భార్య సీతారామలక్ష్మికీ మధ్య ముప్పై ఒక్క ఏళ్ళలో వచ్చిన తగువు అదొక్కటే. పిల్లలు లేరు, అత్తామామలు ఎప్పుడో వెళ్ళిపోయారు, ఆస్తులంటారా, తగువు పడేంత లేవు. మిగిలింది ఫ్యాను. ఆవిడ సన్నటి మనిషి. ఎంత సన్నమంటే, ఇద్దరూ కలిసి నడిచి వెళ్తుంటే వెనకనుంచి చూసినవాళ్ళు మూర్తి గారు ఒక్కరే వెళ్తున్నారనుకునేవారు. కార్తీకం వచ్చిందంటే ఆవిడ వేళ్ళు చల్లబడిపోయేవి. ఫ్యాను రెగ్యులేటరు ఏనాడో పాడైంది. వేస్తే గిర్రున ఫుల్లులో తిరగాల్సిందే, లేదంటే ఆపెయ్యాల్సిందే. ఆపితే ఆయనకి ఊపిరాడదు.

"ఏవండీ, ఆ రెగ్యులేటరు మార్పించండీ. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే అరగంట పనిట."

"గోదావరి జిల్లాలో పుట్టి చలేంటే నీకు? కాశ్మీరంలో పుట్టాల్సినదానివి, దారి తప్పొచ్చావు."

"చలేస్తోందండీ, నిజంగా."

అప్పటికి ఆయన అటు తిరిగి పడుకునేవాడు. గురక కూడా మొదలయ్యేది. మూర్తి చెడ్డవాడు కాడు. ఊళ్ళో ఎవరింట్లో ఎవరికి ఏం కావాలన్నా అర్ధరూపాయి ఆశించకుండా వండిపెట్టిన మనిషి. కానీ తన ఒంటికి తెలియనిది మరొకరి ఒంట్లో ఉంటుందంటే నమ్మలేకపోయాడు. ఇలాంటి మంచివాళ్ళు మనకి ఇంటికొకరున్నారు.

చెప్పి చెప్పి విసిగి ఆవిడే ఓ ఉపాయం చేసుకుంది. వంటవాడి పంచెలు ఏడాదికి నాలుగైదు పాడైపోతాయి. ఉతికినా పోని పసుపు మరకలు, నూనె మరకలు, నిప్పురవ్వ పడి చిన్న చిన్న కన్నాలు. వాటినన్నింటినీ దాచి, ఉడకబెట్టి ఉతికి, ఏడు వరసలు పరిచి, శ్రావణంలో మొదలుపెట్టి కార్తీకం దాకా మధ్యాహ్నాలు అరుగుమీద కూచుని బొంత కుట్టింది. దగ్గర దగ్గరగా చిన్న కుట్టు. చివర్లో తెల్లదారం అయిపోతే ఓ మూల ఎర్రదారంతో ముగించింది.

"ఏంటే అది, నా పంచెలన్నీ తగలేశావా?" అన్నాడు మూర్తి.

"మీకెలాగూ వేడెక్కువ కదండీ. అందులో కాస్త నాక్కూడా రానివ్వండి" అంది ఆవిడ.

ఆ మాటకి ఆయన పొట్ట అదిరేలా నవ్వాడు. నవ్వేసి ఫ్యాను వేశాడు. ఆవిడ ఆ బొంత మెడదాకా లాక్కుని పడుకుంది. పన్నెండేళ్ళు అలాగే పడుకుంది.

కిందటేడు వైశాఖంలో సీతారామలక్ష్మి పోయింది. గుండె. పొద్దున్న కాఫీ కలిపిన మనిషి సాయంత్రానికి లేదు. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా మంచం కాళ్ళవైపు ఆ బొంత మడతపెట్టి ఉంది. కర్మకాండ అంతా మూర్తే చేశాడు. పన్నెండో రోజున శయ్యాదానం. పోయినవాళ్ళ పేరుమీద పరుపూ, దిండూ, దుప్పటీ, గొడుగూ, చెప్పులూ బ్రాహ్మణుడికి దానం ఇస్తే ఆ దూరపు ప్రయాణంలో అవి వాళ్ళకి అందుతాయని నమ్మకం. అన్నీ కొత్తవై ఉండాలి. కొనుక్కొచ్చే పని మూర్తి దగ్గర రెండో వంటవాడిగా పనిచేసే శశిభూషణ్ మీద పడింది. పరుపు తెచ్చాడు, దిండు తెచ్చాడు, గొడుగూ చెప్పులూ తెచ్చాడు. రగ్గు మాత్రం తేలేదు.

"కొట్టువాడు రగ్గులన్నీ అటకమీద ఉన్నాయన్నాడండి గురువుగారూ. ఈ ఎండల్లో రగ్గేంటని నవ్వాడు. రేపు దింపుతానన్నాడు" అని నసిగాడు.

రేపటిదాకా ఆగే పని కాదు. శాస్త్రులు గారు అప్పటికే మంత్రం మొదలుపెట్టి "దుప్పటి ఏదండీ, దుప్పటి?" అని చెయ్యి చాపారు. మూర్తి లోపలికి వెళ్ళాడు. మంచంమీద మడతపెట్టి ఉన్న బొంత కనబడింది. ఏమీ ఆలోచించకుండా తెచ్చి కొత్త పరుపు మీద వేసేశాడు. దానం పుచ్చుకోవడానికి వచ్చిన బక్కపలచటి బ్రాహ్మడు ఆ పాత గుడ్డని చూసి, మూర్తి మొహం చూసి, ఏమీ అనకుండా పుచ్చుకుని వెళ్ళిపోయాడు. వచ్చిన చుట్టాల్లో ఒకావిడ మాత్రం "పోయినావిడకి కొత్త దుప్పటి కూడా గతిలేదా" అని పక్కావిడతో అంది. మూర్తికి వినబడింది. ఆ సిగ్గు చాలాకాలం గుచ్చుకుంది.

ఆ తర్వాత ఆయన చిక్కడం మొదలైంది. వ్రతం పట్టి కాదు, రోగంతోనూ కాదు. వంటవాళ్ళ సంగతి బయటివాళ్ళకి తెలియదు. పొద్దుటినుంచీ ఆవిరి పీల్చినవాడికి ఆ వంట మింగుడుపడదు. వెయ్యిమందికి వండి, ఓ గ్లాసు మజ్జిగ తాగి ఇల్లు చేరతాడు. ఇంట్లో సీతారామలక్ష్మి పొగలు కక్కే చారు, రెండు మినప వడియాలూ పెట్టి, "ఇవాళ కందాబచ్చలి ఎలా కుదిరింది? మగపెళ్ళివాళ్ళేమన్నారు?" అని అడిగేది. ఆయన చెబుతూ చెబుతూ సేరుబియ్యం అన్నం లాగించేసేవాడు. నూట పద్నాలుగు కేజీలూ ఆ చారన్నంలోంచి వచ్చినవే. ఇప్పుడు ఇల్లు చేరితే అడిగేవాళ్ళు లేరు. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడం ఆయనకి చేతకాలేదు. గుప్పెడు బియ్యం ఎలా వండాలో కూడా నిజంగానే తెలియదు. ఆయన చేతికి అలవాటైంది గుండిగల కొలతే.

ఏడాదిన్నర తిరిగేసరికి డెబ్బై కేజీలకి దిగాడు. పంచె రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. ఊరు ఊరుకుంటుందా? షుగరన్నారు, క్షయన్నారు, గొంతు తగ్గించి ఇంకేదో అన్నారు. కడియంలో ఓ పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతురి తండ్రి పొయ్యి దగ్గరికొచ్చి, మూర్తి ఎదురుగా ఉండగానే శశిభూషణ్‌ని "మూర్తి గారు రాలేదేంటండీ?" అని అడిగాడు. మూర్తి తల వంచుకుని గరిటె కడుక్కున్నాడు.

మొదటి చలికాలం ఎలాగో గడిచింది, ఒంట్లో ఇంకా పాత సరుకు ఉంది. రెండోసారి మార్గశిరం వెళ్ళి పుష్యమాసం వచ్చేసరికి చలి ఆయన్ని పట్టుకుంది. పుష్యం శూన్యమాసం. ముహూర్తాలుండవు, పెళ్ళిళ్ళుండవు, గాడిపొయ్యి ఉండదు. వంటవాళ్ళంతా ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. శశిభూషణ్ అత్తారింటికి చెక్కేశాడు. మూర్తికి వెళ్ళడానికి ఏ ఇల్లూ లేదు, కాచుకోవడానికి పొయ్యీ లేదు. పదకొండింటి ఎండలో అరుగుమీద, తువ్వాలు చెవులకి చుట్టుకుని, చంకల్లో చేతులు దోపుకుని కూచునేవాడు.

పక్కింటి నూకరత్నం, ఆయన పెళ్ళివంటలకి కూరగాయలు తరిగే మనిషే, చూసి ఆశ్చర్యపోయింది.

"అదేంటండి పంతులుగారూ, ఎండలో కూచుని వణుకుతున్నారు? మా ఇంట్లో ఫ్యాన్ లేకపోతే ఉడికిపోతన్నాం."

"ఏం లేదులేవే. కాస్త గాలి తగిలింది."

"డాక్టర్‌కి చూపించుకోండి. మీ ఒంట్లో ఏదో ఉంది."

రాజమండ్రి వెళ్ళి చూపించుకున్నాడు. డాక్టరు రక్తం తీయించి, కాగితాలన్నీ రెండుసార్లు తిరగేశాడు. "థైరాయిడ్ లేదు, రక్తం బావుంది, షుగరు కూడా లేదు. మీకేం జబ్బు లేదండీ. ఒంట్లో కొవ్వు పోయింది, అది ఇన్నాళ్ళూ మీకు దుప్పటిలా ఉండేది. పైగా తినడం మానేశారు. తినకపోతే వేడెక్కడినుంచి వస్తుంది? కడుపునిండా తినండి, వెచ్చగా కప్పుకోండి" అన్నాడు. జబ్బు లేదంటే ఎవరైనా సంతోషిస్తారు. మూర్తికి మాత్రం ఏదో ఒక జబ్బు ఉంటే బావుండేదనిపించింది. మందు రాసిచ్చేవారు.

వస్తూ వస్తూ రగ్గు కొన్నాడు. పెద్దపులి బొమ్మ ఉన్న ఎర్ర రగ్గు. అది మెత్తగానే ఉంది గానీ ఒంటిమీద నిలవదు, జారిపోతుంది, కదిలితే చిటపటమంటుంది. పులి ఓ పక్క, మూర్తి ఓ పక్క. ఫ్యాను ఆపేసిన గదిలో, కిటికీ తలుపులన్నీ బిగించుకుని, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నా వెన్నులోంచి చలి పాకేది. గోడ అవతల నూకరత్నం ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడేది. ఈ ఊళ్ళో ఇంతమందిలో చలి తనొక్కడికే.

ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి తన నోట్లోంచి మాట రావడం తనకే వినబడింది.

"చలేస్తోంది."

ఎవరితో అన్నాడు? ఇంట్లో ఎవరూ లేరు. ఆ మాట మాత్రం బాగా తెలిసిన మాట. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ మంచంమీదే, ఇదే చీకట్లో విన్నాడు. వినీ అటు తిరిగి పడుకున్నాడు. వంటవాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే పొగ అనుకుంటారు. ఆ రోజు పొగ లేదు. దుఃఖం కన్నా సిగ్గు ఎక్కువ కలిగింది. ఎలక్ట్రీషియన్ ఇల్లు రెండు వీధుల అవతల. అరగంట పని.

అప్పుడు కావాలనిపించింది ఆ బొంత. చలికి మాత్రమే కాదు. దాని కింద ఒక్కసారి పడుకుంటే, ఆవిడకి ఎలా ఉండేదో తెలుస్తుందనిపించింది. ఇచ్చేశానని తెలిసి కూడా ట్రంకుపెట్టె వెతికాడు, అటక వెతికాడు. తెల్లారాక శాస్త్రులు గారికి ఫోన్ చేశాడు.

"ఆ శయ్యాదానం పుచ్చుకున్నాయన ఎక్కడుంటాడండీ?"

"విస్సన్నా? పట్టిసీమ. ఎందుకూ?"

"చిన్న పనుంది."

శాస్త్రులు గారు ఊహించేసినట్టున్నారు. "చూడండి మూర్తి గారూ, దానం ఇచ్చింది వెనక్కి అడగడమనేది శాస్త్రంలో లేదు. ఇచ్చినవాడికి మంచిది కాదు, పోయినవాళ్ళకి అసలు మంచిది కాదు" అని ఫోన్ పెట్టేశారు.

మూర్తి రెండు రోజులు ఆలోచించి ఓ దారి కనిపెట్టాడు. పాతది ఇవ్వడమే తప్పు కదా. కొత్తది ఇచ్చి ఆ తప్పు దిద్దుకుంటే, పాతది ఎవరికి కావాలి? వాళ్ళే ఇచ్చేస్తారు. అడగనే అక్కర్లేదు. పెద్దపులి రగ్గు మడతపెట్టి దాని జిప్పు సంచిలోనే పెట్టి, చొక్కామీద చొక్కా వేసుకుని, రాజమండ్రి వెళ్ళి, వంతెన దాటి కొవ్వూరులో పోలవరం బస్సెక్కాడు. ఆ బస్సు కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయింది. దారంతా గోదావరి మీది గాలి తిన్నగా ఆయన చెవిలోకే కొట్టింది.

పట్టిసీమలో దిగి, విస్సన్న గారిల్లెక్కడని ఓ కిరాణా కొట్టులో అడిగాడు.

"పొద్దున్నే ఆ పేరేంటండీ బాబూ!" అని కొట్టాయన మొహం చిట్లించి, నోటితో చెప్పకుండా చేత్తో చూపించాడు. అపరకర్మల్లో దానాలు పట్టేవాళ్ళ పేరు పొద్దున్నే వినకూడదంటారు. మూర్తి కూడా మొన్నమొన్నటిదాకా అలాగే అనేవాడు. పెళ్ళివారి వంటింటివైపు అలాంటివాళ్ళు వస్తుంటే శశిభూషణ్‌ని పంపి తప్పించినవాడే.

రెండు గదుల పెంకుటిల్లు. అరుగుమీద విస్సన్న పేపరు చదువుకుంటున్నాడు. గుమ్మంలో మనిషి నీడ పడగానే పేపరు మడిచి లేచాడు.

"రండి. ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదండి."

విస్సన్న తెల్లబోయాడు. ఎవరూ పోకుండా ఆ గుమ్మం తొక్కిన మనిషి లేడు మరి.

"నేను నరసింహమూర్తినండి. ధవళేశ్వరం. కిందటేడు వైశాఖంలో మా ఆవిడ..."

"ఆయన లావాటాయన కదండీ?"

"నేనేనండి."

విస్సన్న ఎగాదిగా చూసి, ఇంకేం అడగకుండా లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేశాడు. గది మూల మంచంమీద ఆయన భార్య మాణిక్యాంబ గోడకి ఆనుకుని కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. గాలికి ఎగిరిపోయేంత సన్నటి మనిషి. ఆవిడ నడుము చుట్టూ, కాళ్ళమీదా బొంత ఉంది. తెల్లటి ఏడు వరసల బొంత, ఓ మూల ఎర్రదారం. మూర్తి దాన్నే చూస్తూ కూచున్నాడు. రెండు గజాల దూరంలో ఉంది.

"ఇది... కొత్త రగ్గండి" అని సంచీ ముందుకి తోశాడు. "ఆ రోజు పాతది ఇచ్చేశాను. తప్పయింది. అందుకని..."

విస్సన్న నవ్వాడు. "మంచివారే. పాతదిచ్చామని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళని చూడలేదు. దాచడం ఎందుకు గానీ మూర్తి గారూ, మీరిచ్చిన పరుపు వారం తిరక్కుండా కొట్టుకెళ్ళిపోయింది. దిండూ అంతే. మా ఇల్లు చూస్తున్నారుగా, ఇన్ని పరుపులు ఎక్కడ పెట్టుకుంటాం? కొత్తవన్నీ కొట్టుకే. గొడుగు ఎవరో పట్టుకుపోయారు. మీరిచ్చినవాటిలో మిగిలింది ఇదొక్కటే. పాతది కాబట్టి ఎవరూ కొనరు."

"మొదట్లో నేనూ విసుక్కున్నానండీ" అంది మాణిక్యాంబ. "పాత గుడ్డలు అంటగట్టారనుకున్నాను. ఓ రోజు కప్పుకుని చూస్తే వదలబుద్ధి కాలేదు. నాకు అసలే చలి. ఎవరు కుట్టారండీ? ఇంత దగ్గర కుట్టు వేసే ఓపిక ఇప్పుడెవరికుంది?"

"ఆవిడేనండి."

"అయ్యో" అని ఆవిడ బొంతమీద చెయ్యి వేసింది.

ఇక ఆ కొత్తా పాతా నాటకం మూర్తివల్ల కాలేదు. "చలేస్తోందమ్మా" అన్నాడు. అంతకుముందు నూకరత్నంతో అనలేదు, డాక్టరుతో కూడా ఇలా అనలేదు. "చిక్కిపోయాను కదా, చలి దేనికీ ఆగడం లేదు. మా ఆవిడ ముప్పై ఏళ్ళు ఇదే మాట చెప్పింది. నేను నవ్వాను. ఆ బొంత ఒక్కటీ ఉంటే..."

మాణిక్యాంబ మొగుడివైపు చూడనైనా చూడలేదు. బియ్యం చేట పక్కన పెట్టి, లేచి, బొంత మడతపెట్టి తెచ్చి మూర్తి ఒళ్ళో పెట్టింది. "తీసుకెళ్ళండన్నయ్యగారూ. ఆ కొత్తది మాకుందిగా" అంది. ఆ పక్కనే ఆకు వేసింది. "ముందు రెండు ముద్దలు తినండి. మొహం చూస్తే తిండి తిన్నట్టు లేదు."

వేడి చారు. చింతపండు కాస్త ఎక్కువైంది, ఇంగువ మరిచిపోయింది. వెయ్యి పెళ్ళిళ్ళు చేసిన వంటవాడికి మొదటి ముద్దకే తెలిసిపోయింది. అయినా రెండుసార్లు మారు పెట్టించుకున్నాడు. ఎదురుగా కూచున్న విస్సన్న "మీ కందాబచ్చలి గురించి వినడమేనండి. పెళ్ళిళ్ళకి మమ్మల్నెవరు పిలుస్తారు?" అన్నాడు, ఫిర్యాదులా కాకుండా మామూలుగా.

"మాఘం మొదలయ్యేలోగా వచ్చి ఇక్కడే వండిపెడతానండి" అన్నాడు మూర్తి.

చెయ్యి కడుక్కుని మళ్ళీ బొంత ఒళ్ళో పెట్టుకున్నాడు. వేరే ఇంటి కొబ్బరినూనె వాసన వేస్తోంది. అయినా ఇది అమలాపురం పెళ్ళిలో పడ్డ పసుపు మరక, ఇది జిలేబీ పాకం ఒలికి కాలిన చోటు. అన్నీ తన పంచెలే. మోకాళ్ళ దగ్గర అప్పుడే వెచ్చబడుతోంది. ఇన్నాళ్ళుగా ఏ రగ్గూ ఇవ్వని వెచ్చదనం. చంకన పెట్టుకుని లేచి వెళ్ళిపోతే అయిపోయేది. ఎవరూ అడ్డం చెప్పలేదు కూడా.

"విస్సన్న గారూ, ఒక మాట అడుగుతాను. ఇచ్చినవి పోయినవాళ్ళకి అందుతాయంటారా?"

విస్సన్న ముప్పై ఏళ్ళుగా దానాలు పడుతున్న మనిషి, ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. "కొట్టుకెళ్ళినవి అందుతాయో లేదో నాకు తెలియదండి. అవి నేనే పంపాను కాబట్టి అందవనే అనుకుంటాను. ఇది మాత్రం ఇచ్చిన రోజునుంచీ ఒకరు కప్పుకుంటూనే ఉన్నారు. ఇది అందుతూ ఉండాలి."

మూర్తి ఎర్రదారం మూలని వేలితో తడిమాడు. కొత్త పరుపు అందలేదు, దిండు అందలేదు, గొడుగు లేదు. చుట్టాలందరి ముందూ సిగ్గుపడుతూ వేసిన ఆ పాత బొంత ఒక్కటే ఆవిడ దగ్గరికి చేరింది. ఇప్పుడు అదే తన ఒళ్ళో ఉంది. మూల మంచంమీద మాణిక్యాంబ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, చలి వేస్తున్నట్టు కనబడకుండా ఉండాలని చూస్తోంది. సీతారామలక్ష్మి కూడా సరిగ్గా అలాగే కూచునేది, ఆయన ఫ్యాను వేసినప్పుడు.

ఆయన లేచి బొంత విప్పి, మంచంమీద ఆవిడ కాళ్ళ దగ్గర పరిచాడు.

"ఉంచండమ్మా. ఆవిడకి చలెక్కువ."

మాణిక్యాంబ ఎంత చెప్పినా మూర్తి వినలేదు. పోనీ ఈ పులి రగ్గయినా తీసుకెళ్ళండని ఆవిడ వదలకుండా చేతికిచ్చింది. మధ్యాహ్నం బస్సుకి గాలి ఇంకా తగ్గలేదు, అదే బస్సు, అదే ఇరుక్కున్న అద్దం. మూర్తి జిప్పు లాగి, రగ్గు తీసి, భుజాలచుట్టూ కప్పుకుని కూచున్నాడు. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు ఆగి చూశాడు.

"ఏంటి పెద్దాయనా, జ్వరమా?"

"లేదండి. చలి."

"చలా! మిట్టమధ్యాహ్నం, గోదావరి జిల్లాలో!" అని కండక్టరు బస్సంతా వినబడేలా నవ్వాడు. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూసి వాళ్ళూ నవ్వారు.

మూర్తి రగ్గు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు తనూ ఇలాగే నవ్వాడు.